బడిలో పాట దేనికి? ఒక నాయనకి జవాబు చెప్పలేకపోయాను

కోసిగి టీచరమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలో కోసిగి దగ్గర ఒక పల్లెలో ఎస్జీటీని. ఒకటి నుంచి ఐదు దాకా రిజిస్టర్లో 46 మంది పిల్లలు, టీచర్లం ఇద్దరం. ఇప్పుడు ఫిబ్రవరి కదా, బడికొచ్చేది 29 మందే. మిగతావాళ్ళు అమ్మానాయనలతో గుంటూరు వైపు సుగ్గికి పోయారు, మిరపకాయల కోతకి. ఉగాదికి అటూఇటూగా తిరిగొస్తారు. ఈ వైపు పనిచేసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు.

ముందే చెప్తున్నాను, నాకు సంగీతం రాదు. పేరంటంలో హారతి పాట అందుకోమంటే వెనక వరసలో నిలబడి పెదాలు కదిపే రకాన్ని. అయినా బడిలో పాడిస్తాను. మధ్యాహ్నం గుడ్డు, అన్నం తిన్నాక పిల్లలు గోడకి ఆనుకుని తూగుతుంటారు. అప్పుడు ఏ పాఠం చెప్పినా గోడకి చెప్పినట్టే. ఒక పాట ఎత్తుకుంటే అందరూ లేచి కూర్చుంటారు. ఇంతకు మించి నేను పెద్దగా ఆలోచించింది లేదు.

పోయిన శనివారం అలా పాడుతుంటే మూడో తరగతి పిల్లాడి నాయన ఆధార్ జిరాక్స్ ఇవ్వడానికి వచ్చాడు. వాకిట్లో నిలబడి పాట అయ్యేదాకా చూశాడు. తర్వాత, "ఏం టీచరమ్మా, మావోణ్ణి భజన మేళంలో చేరుస్తావా ఏంది? నాలుగు అక్షరాలు వస్తాయని పంపిస్తే..." అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేశాను. జిరాక్స్ తీసుకుని పంపించేశాను.

ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట వదల్లేదు. ఆయన అడిగింది తప్పు కాదు. ఆయన ఐదో తరగతితో చదువు ఆపేశాడు. బ్యాంకులో ఫారం నింపడానికి ఇంకొకర్ని బతిమాలుకోవాలి. కొడుక్కి ఆ గతి పట్టకూడదని బడికి పంపిస్తున్నాడు. ఆయనకి నేనేం చెప్పాలి?

మా కాంప్లెక్స్ మీటింగ్‌లో కదిపి చూశాను. ఒకరేమో "పాటలతో జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయని చెప్పు" అన్నారు. నిజమో కాదో తెలియకుండా ఎలా చెప్పను? ఇంకొకరు "టైమ్‌టేబుల్లో ఆర్ట్ అని రాసుకో, ఆ పీరియడ్లో లెక్కలు చెప్పుకో. ఎవరు చూడొచ్చారు?" అన్నారు. అందరూ చేసేది అదేనట.

అందుకని ఇక్కడ అడుగుతున్నాను. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి పాట ఎందుకు? తూగకుండా ఉండటానికేనా, ఇంకేమైనా ఉందా? ఉంటే నాలాంటి సంగీతం రాని మనిషి ఏం చేయాలి? "సంగీతం మాస్టర్ని పెట్టుకోండి" అని మాత్రం చెప్పకండి. మా బడికి రెండో టీచరే పోయినేడు వచ్చింది.


ఆదోని లెక్కల సారు:

మేడమ్, తప్పుగా అనుకోవద్దు. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి తెలుగు వాచకం చదవలేని బడుల్లో నేను పనిచేశాను. అరువు తీసివేత చేయలేని పిల్లల్ని హైస్కూల్‌కి పంపించాము, సిగ్గుతో చెప్తున్నాను. ఆ నాయన అన్నదాంట్లో తప్పేముంది? ఆకలైనవాడికి ముందు సంగటి పెట్టాలి, తాంబూలం తర్వాత. పాట ఇంట్లో ఎలాగూ ఉంది. టీవీ ఉంది, ఫోన్ ఉంది, పెళ్ళైనా వినాయక చవితైనా డీజే ఉంది. చదువు ఒక్కటే బడిలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

తూగుతున్నారంటే ఎక్కాలు రాగంలో చెప్పించండి. రెండు పనులూ అవుతాయి.


ప్రొద్దుటూరు పాత పంతులు:

అమ్మా, నేను రిటైరయ్యి చాలా ఏళ్ళయింది. మనవరాలు ఫోన్‌లో టైపు కొట్టడం నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

ఆదోని సారూ, డీజే పాట పిల్లవాడి మీద పడే పాట, వాడు పాడే పాట కాదు. ఇంట్లో పాట ఉండే కాలం మా అవ్వలతోనే పోయింది. విసుర్రాయి దగ్గర, కలుపు దగ్గర, ఊయల దగ్గర పాడిన ఆడవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు పాట పెట్టెలోంచే వస్తుంది. ఇప్పటి పిల్లవాడు రోజంతా పాట వింటాడు, వాడి గొంతు వాడికి తెలియదు. ఎక్కాలు రాగంలో చెప్పిస్తే అవి ఎక్కాలే అవుతాయి, పాట కాదు. చెప్పించండి, మంచిదే. పాట పీరియడ్ అయిపోయిందని మాత్రం అనుకోకండి.

టీచరమ్మా, నువ్వు పెదాలు కదుపుతానన్నావే, ఆ మాట నన్ను పొడిచింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆగస్టు 15కి పాట ప్రాక్టీసు చేయిస్తున్నాను. నాలుగో తరగతి పిల్లవాడొకడు ఒక్కడే వేరే దారిలో పోతున్నాడు, పెద్ద గొంతు. విసిగిపోయి "నువ్వు పెదాలు కదుపు నాయనా, చాలు" అన్నాను. వాడు అలాగే చేశాడు. పండగ రోజు వచ్చిన అధికారి వాణ్ణే చూపించి "ఎంత శ్రద్ధగా పాడుతున్నాడో చూడండి" అని మెచ్చుకుని పెన్ను ఇచ్చిపోయాడు. పెన్ను జేబులో పెట్టుకుని వాడు నావైపు ఒక చూపు చూశాడు. దాని గురించి ఇంక రాయను. నీతో కూడా ఎవరో చిన్నప్పుడు అలాగే అని ఉంటారు.

నిజంగా శ్రుతి పట్టుకోలేని పుట్టుక నూటికి ఒకరిద్దరిది. మిగతావాళ్ళకి లేనిది అలవాటే. నేను ఆ తర్వాత కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. పాట రాని పిల్లవాణ్ణి పాడమనొద్దు. చేను అవతలి గట్టున ఉన్న మామని పిలవమను. "ఓ... మామా... ఓయ్" అని పిలిస్తే వాడి గొంతు ఎక్కాల్సిన చోట ఎక్కుతుంది, దిగాల్సిన చోట దిగుతుంది. ఆ "ఓయ్" ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి నువ్వు పాట ఎత్తుకో. మామూలుగా మనమేం చేస్తాం? మన గొంతుకి హాయిగా ఉన్నచోట మొదలుపెడతాం. నాలాంటి మగ టీచర్లయితే మరీనూ. పిల్లలు అక్కడికి దిగలేక గొణుగుతారు, గట్టిగా అనమంటే అరుస్తారు. పిల్లల్లో ఒకర్ని మొదటి మాట పాడమని, అందులో నువ్వు చేరాలి.

ఇక ఏం నేర్పాలి అంటే, సరళీ స్వరాలు మాత్రం వద్దు. మన హంపిలో తిరిగిన పురందరదాసు పెట్టిన మెట్లని చెప్తారు. సరళి, జంట, అలంకారాలు, గీతాలు, 500 ఏళ్ళుగా మాయామాళవగౌళ రాగంలోనే మొదలు. గొప్ప వరస. కాని అది సంగీతం నేర్చుకుంటానని వచ్చినవాళ్ళకి. మన ముందు కూర్చున్నది సుగ్గి నుంచి వచ్చే పిల్లలు. మనం విద్వాంసుల్ని తయారుచేయడం లేదు.

మొదట లయ. మా కడప వైపు చెక్కభజన చూశావా? గురువు మధ్యలో నిలబడతాడు. చుట్టూ పదిహేను ఇరవై మంది, చేతుల్లో ఇత్తడి బిళ్ళలున్న చెక్కలు. పగలంతా మడక దున్ని వచ్చినవాళ్ళు రాత్రి వీధిదీపం కింద నెలల తరబడి అడుగులు నేర్చుకుంటారు. అక్షరం ముక్క రాని మనిషి అంత చిక్కు అడుగు ఎలా వేస్తాడని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. సంగతేమిటంటే కొత్తవాణ్ణి ఎప్పుడూ బాగా వచ్చినవాడి పక్కనే నిలబెడతారు. తప్పితే తిట్టరు, ఆట ఆపరు. పక్కవాణ్ణి చూసుకుంటూ రెండు అడుగుల్లో మళ్ళీ కలుస్తాడు. నా సర్వీసులో నాకు పనికొచ్చిన ట్రైనింగ్ అదొక్కటే.

నీకు చెక్కలు అక్కర్లేదు, చేతులు చాలు. ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం 8. దాన్ని ఆది తాళం అంటారని ఐదో తరగతికి చెప్తే చాలు. ఒకటి, రెండు తరగతులకి నడకే తాళం. పాడుతూ నడవాలి, పాట ఆగితే కాలు ఆగాలి. మెల్లగా, వేగంగా, గట్టిగా, గుసగుసగా. రోజుకి పది నిమిషాలు చెయ్యి. వారానికొక్క గంట చేసేదానికన్నా ఇది మేలు.

ఫలితం చూపించమంటారు కదా, దానికొక కొలత చెప్తాను. జనగణమనకి సర్కారు చెప్పిన కాలం 52 సెకన్లు. మీ బడిలో ఎంత పడుతుందో ఫోన్‌లో చూడు. అన్నట్టు ఆ గీతాన్ని రవీంద్రుడు ఇంగ్లీషులోకి మార్చుకున్నది మన మదనపల్లెలోనే, 1919లో. అక్కడి కాలేజీలో ఉన్న మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టింది. ఆమె సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. ఒక్క మాట, జాతీయగీతానికి చప్పట్లు కొట్టించకు. తాళం వేరే పాటల మీద నేర్పు, గీతం దానంతట అదే దారికొస్తుంది.


కర్నూలు బి.క్యాంపు అమ్మ:

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. మార్కులు పెరుగుతాయని చెప్పమన్నవారి సలహా వినొద్దు. మీకు అబద్ధంలా తోచింది సరిగ్గానే తోచింది.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. 1993లో నేచర్ పత్రికలో చిన్న పరిశోధన ఒకటి వచ్చింది. మోజార్ట్ సంగీతం విన్న కాలేజీ పిల్లలు ఒకరకం బొమ్మల లెక్కలు కాస్త బాగా చేశారని. కాలేజీ పిల్లలు, చిన్నపిల్లలు కాదు. పాడలేదు, విన్నారంతే. ఆ ప్రభావం కూడా పది పదిహేను నిమిషాలే. అది కాస్తా అంగట్లోకి వచ్చేసరికి "సంగీతంతో పిల్లల బుర్ర పెరుగుతుంది" అయి కూర్చుంది. గర్భిణులకు సీడీలు అమ్మారు.

2004లో కెనడాలో షెలెన్‌బర్గ్ అనే ఆయన పద్ధతిగా చేశాడు. ఆరేళ్ళ పిల్లలు 144 మంది. కొందరికి కీబోర్డు, కొందరికి పాట, కొందరికి నాటకం, కొందరికి ఏమీ లేదు. ఏడాది తర్వాత సంగీతం నేర్చుకున్న రెండు గుంపుల్లో ఐక్యూ కొంచెం ఎక్కువ పెరిగింది. కొంచెమే. నలుగురితో మెలగడం మెరుగుపడింది మాత్రం నాటకం గుంపులో. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నాకెప్పుడూ అదే విచిత్రం. తర్వాత ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టినప్పుడు, పకడ్బందీగా చేసినవాటిలో చదువు మీద ప్రభావం దాదాపు సున్నా.

కాబట్టి మార్కుల పేరు చెప్పి పాటని బడిలోకి తెస్తే, మార్కులు పెరగని ఏడాది ఆ పేరు చెప్పే బయటికి గెంటుతారు. లెక్కలు నేర్పితే పాట బాగా వస్తుందా అని ఎవరూ అడగరు కదా. లెక్కలు లెక్కల కోసం. పాట కూడా అంతే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ టీచర్ అని ఉంది. కాని అది 6 నుంచి 8 తరగతులకి, అదీ పిల్లలు 100 మంది దాటితే. మీ 46 మందికి చట్టప్రకారం ఎవరూ రారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2020 విద్యావిధానం కూడా కళని అదనపు పనిగా చూడొద్దంది. కాగితం మీద అన్నీ మీవైపే ఉన్నాయి, మనుషులే లేరు. ప్రాథమిక బడిలో పాట బతికితే తరగతి టీచర్ వల్లే బతకాలి. ఆ టీచర్‌కి డీఎడ్‌లో ఎవరూ సరిగ్గా నేర్పించరు.

హంగరీలో కొడాయ్ అనే స్వరకర్త ఉండేవాడు, 1967లో పోయాడు. పిల్లలకి మొదట గొంతే వాయిద్యం కావాలని, తల్లిభాష లాగే తల్లిసంగీతం కూడా ఉంటుందని, అది ఊళ్ళో జానపదంలోనే ఉందని ఆయన వాదన. పెద్ద పియానోలు కొనే స్తోమత లేని బడుల కోసమే చెప్పినట్టుంటుంది. పంతులు గారు చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు, ఆయనకి చెక్కలు దొరికాయంతే.

మా ఇంటి భాగోతం కూడా చెప్తే న్యాయం. మా పాప మూడేళ్ళుగా కీబోర్డు క్లాసుకి పోతోంది. గ్రేడ్ పరీక్షలు పాసైంది. మొన్న మా మరిది కూతురి నామకరణంలో అందరూ జోల పాడుతుంటే ఇది గోడ పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటోంది. పాడవే అంటే "అది సిలబస్‌లో లేదు" అంది.


ఉరుము మనవడు (అనంతపురం, ఇప్పుడు బెంగళూరు):

టీచరక్కా, నీ ప్రశ్నలో "సంగీతం రాదు" అని రెండుసార్లు రాశావు. నీకు రాదు, సరే. మీ ఊళ్ళో వచ్చినోళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కబెట్టినావా?

మా తాత ఉరుము వాయించేవాడు. చూడనోళ్ళకి చెప్తున్నా, రెండు వైపులా తోలు ఉంటుంది. ఒక వైపు కొడతారు, ఇంకో వైపు పుల్లతో రుద్దుతారు. రుద్దితే మబ్బు గుర్రుమన్నట్టు వస్తుంది, అందుకే ఆ పేరు. జాతరలో ఆ శబ్దం లేస్తే నా కడుపులో కదిలేది. తాతకి చదువు లేదు. నాకు నేర్పింది మొత్తం నోటితోనే. ముందు దరువు నోటితో పలకాలి, తర్వాత తొడ మీద కొట్టాలి, చేతికి తోలు ఇచ్చేది ఎప్పుడో. నోట్లో లేనిది చేతిలోకి రాదు అనేవాడు. ఏడేళ్ళకే నేను నాలుగు దరువులు పలికేవాణ్ణి. బడిలో మాత్రం మొద్దు అని పేరు.

ఒకసారి బడి వార్షికోత్సవానికి తాత ఉరుము చంకన పెట్టుకుని నాతో వచ్చాడు. గేటు దగ్గరే ఆపేసినారు. "ఆ తోలు లోపలికి తేవద్దు, హార్మోనియం ఉంది" అన్నారు. ఎవరన్నారో, ఏ బడో చెప్పను. తాత ఏం మాట్లాడలేదు. గేటు బయట చింతచెట్టు కింద కూర్చుని ప్రోగ్రాం అయ్యేదాకా నా కోసం కాచుకున్నాడు. కులం సంగతి నేను విడిగా చెప్పక్కర్లేదు, అర్థమయ్యే ఉంటుంది. అదే ఊరికి మంత్రి వస్తే మాత్రం ముందు వరసలో మా డప్పులు, ఉరుములు కావాలి. అప్పుడు అది కళ.

అందుకే, ఏ పాట నేర్పుతావన్నది ఒక ఎత్తు, ఎవరితో నేర్పిస్తావన్నది ఇంకో ఎత్తు. పీర్ల పండక్కి డప్పు కొట్టేదెవరు, కోలాటం వేయించేదెవరు, తత్వాలు పాడే ముసలాయన ఎవరు? నెలకి ఒకర్ని పిలువు. కుర్చీ వేసి కూర్చోబెట్టు. కుర్చీ మర్చిపోవద్దు అక్కా, పాటకన్నా ముందు పిల్లలకి అది కనపడాలి.


కోసిగి టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. మొద్దు అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను తమ్ముడూ. నేనూ ఆ మాట వాడాను.

పంతులు గారూ, ఒక అనుమానం. మా బడిలో ఏడుగురు ముస్లిం పిల్లలున్నారు. సగం ఇళ్ళలో కన్నడ మాట్లాడతారు. భజన అంటే అన్నీ దేవుడి పాటలే కదా, రేపు ఏదైనా మాట వస్తే?

ఇంకో సంగతి. ఈరోజు గీతం టైము చూశాను. 74 సెకన్లు. మధ్యలో ఒకటో తరగతి వాళ్ళు మాకన్నా ముందు ఇంటికి పోయారు.


ప్రొద్దుటూరు పాత పంతులు:

74 అంటే మంచి మొదలేనమ్మా. నేను 90 చూశాను.

చెక్కకి మతం లేదు. ఉగాదికి దేవుని కడప గుడికి వచ్చే ముస్లింలని చూడు, పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ తిరిగే మనవాళ్ళని చూడు. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు దగ్గర ఎవరు ఎవరో నువ్వు చెప్పగలవా? పెద్దవాళ్ళు ఈ సంగతి ఎప్పుడో తేల్చుకున్నారు. అయినా బడి బడే, గుడి గుడే. వాన మీద, ఎద్దు మీద, చందమామ మీద, శెనక్కాయ చేను మీద ఎన్ని పాటలు లేవు? దరువు భజనది తీసుకో, మాటలు అందరివీ పెట్టు. కన్నడం వస్తే ఇంకా మంచిది. మీది మంత్రాలయం పక్కనే కదా, అక్కడి ముసలమ్మల దగ్గర కన్నడ దాసర పాటలు ఎన్ని ఉంటాయో. పిల్లలు వాళ్ళ అవ్వల్ని అడిగి ఒక్కో పాట తెమ్మను. దేవుడి పాట వస్తే విని సంతోషించు, అందరి చేతా పాడించడానికి వేరేది ఎంచుకో.


ఆదోని లెక్కల సారు:

నేను తగ్గుతున్నాను, పూర్తిగా కాదు. పది నిమిషాలైతే ఒప్పుకుంటా. కాని పంతులు గారు ఎక్కాల మీద వేసిన సెటైర్ మర్చిపోను. మా బడిలో 52 పెట్టి చూస్తా, ఎంతొచ్చిందో మాత్రం ఇక్కడ చెప్పను.


కోసిగి టీచరమ్మ (ఉగాది అయ్యాక):

రాస్తానని ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మీకు తెలిసిందే.

ప్రార్థన అయ్యాక రోజుకి పది నిమిషాలు చేస్తున్నాము. మొదటి వారం గోల. నేను వేళ్ళు లెక్కపెడుతూ పాట మర్చిపోతాను, పాట గుర్తుంటే వేళ్ళు మర్చిపోతాను. రెండో తరగతి పిల్లలే నన్ను దిద్దారు. "టీచర్, తిప్పు రాలేదు" అంటారు. నేను తప్పుతుంటే వాళ్ళకి పండగ. "ఓ మామా" ఉపాయం పనిచేసింది, ఒక పిల్లాడి మీద తప్ప. వాడు ఇప్పటికీ వాడి దారిలోనే పోతాడు. పోనీ అని వదిలేశాను, పెదాలు కదపమని మాత్రం అనలేదు. గీతం ఇప్పుడు 58.

పీర్ల దగ్గర డప్పు కొట్టే తాతని పిలిచాను. ఆఫీసు గదిలోంచి కుర్చీ తెచ్చి వేశాను. ఆయన కూర్చోలేదు. నేను, ఆయమ్మ ఎంత చెప్పినా కుర్చీ పక్కన నిలబడే చెప్పాడు. మళ్ళీ వారం వచ్చినప్పుడు అంచున కూర్చున్నాడు. పిల్లలు దరువు నోటితో పలుకుతుంటే మా రెండో టీచర్ తలుపు దగ్గర నిలబడి కాలు ఆడిస్తోంది, నేను చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఉగాది ముందు సుగ్గి పిల్లలు తిరిగొచ్చారు. ప్రతి ఏడాదీ నాకు టెన్షన్ పెట్టే వారం ఇదే. నవంబరులో వదిలిపోయిన పాఠం దగ్గరికి వాళ్ళు రాలేరు, క్లాసు ఆగదు. వెనక బెంచీలో తలదించుకుని కూర్చుంటారు. పది రోజుల్లో సగం మంది మానేస్తారు. నాలుగో తరగతి పాప ఒకతి నాలుగు రోజులు పుస్తకం తెరవలేదు. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది, అంతే. మిరప ఘాటుకి వేళ్ళ కొసలు ఒలిచినట్టున్నాయి. తాళం వేయమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను బలవంతం చేయలేదు.

అయిదో రోజు ఆ పాప నా టేబుల్ దగ్గరికి వచ్చి, "టీచర్, అవ్వ దగ్గర పాట తెమ్మన్నారంట కదా. మా అవ్వకి రాదు. నాకొచ్చింది చెప్పనా?" అంది. గుంటూరు వైపు చేలో వాళ్ళ పక్క సాలులో కోసే ఆడవాళ్ళు పాడేదంట. మూడు నెలలు వినీ వినీ వచ్చేసింది. నిలబడి పాడింది. అది మాకెవ్వరికీ తెలియని పాట. మాటల్లో యాస వేరు, దరువు కూడా మా వైపుది కాదు. మూడు లెక్కలో పోతుంది. నా ఎనిమిది వేళ్ళ లెక్క అందులో ఇమడలేదు. డప్పు తాత మనవడు మూడో తరగతి, వాడు రెండోసారికే బెంచీ మీద పట్టేశాడు. పాప ఒక లైను పాడటం, మేమంతా అందుకోవడం. తప్పితే ఆపి, మళ్ళీ చెప్పింది. నన్ను కూడా ఆపింది. నాలుగు నెలలు బడికి రాని పిల్ల మా అందరికన్నా ముందుంది, మేమే వెనకబడ్డాం.

పుస్తకం ఆరోజు కూడా తెరవలేదు, అబద్ధం ఎందుకు. సోమవారం తెరిచింది. పాట వల్లే అని నేను అనను. కర్నూలు మేడమ్ ఊరుకోరు.

ఆ నాయన మొన్న బజార్లో కనిపించాడు. ఇన్నాళ్ళు తయారుచేసుకున్న జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఆయనే ముందు, "మావోడు ఇంట్లో పళ్ళెం మీద కొట్టి కొట్టి చంపుతున్నాడు టీచరమ్మా, ఒక డప్పు ఎంతవుతుంది?" అని అడిగాడు. విసుగో సరదానో తెలియలేదు. తాతని అడిగి చెప్తానన్నాను. అక్షరాలు ఎంతవరకు వచ్చాయని కూడా అడిగాడు. ఒత్తులు ఇంకా రావడం లేదని ఉన్నమాట చెప్పాను.

మిరప పాటలో మూడో చరణం నాకింకా నోటికి ఎక్కలేదు. పాప రేపు మళ్ళీ చెప్తానంది, రాసుకోవద్దంది.